రంగు వేయని మూల

మా అమ్మ ఎలా ఉండేదో నాకు తెలియదు. నేను ఉయ్యాలలో ఉండగానే పోయింది. పెళ్ళిలో తీసిన ఫోటో ఒకటి ఉండేదట, తుఫానుకి ట్రంకు పెట్టెలోకి నీళ్ళు వెళ్ళి అది కాస్తా ముద్దయిపోయింది. నాకు మిగిలిందల్లా ఒక బొమ్మ. కాన్వాసు మీద నూనె రంగులతో వేసింది, నా నిలువులో సగం ఉంటుంది. మెడలో గంధపు చెక్కల దండ, నుదుటి మీద మా నానమ్మ ఏడాదికోసారి పెడుతూ వచ్చిన కుంకుమ గట్టిపడి చిన్న పెచ్చులా ఉంటుంది.

ఆ బొమ్మ వేసినాయన తర్వాత చాలా పెద్ద చిత్రకారుడయ్యాడు. పేరు చెబితే మీలో చాలామందికి తెలుస్తుంది, అందుకే చెప్పను. ఆయన మీద లావుపాటి పుస్తకాలు వచ్చాయి. వాటిలో చాలావరకు నేను చదివాను, చదివిన ప్రతిసారీ ఒళ్ళు మండింది. ఆయన శైలి ఎన్నిసార్లు మారిందో, ఎందుకు మారిందో రాసినవాళ్ళు ఒక్కరు కూడా మా ఊరొచ్చి అడిగిన పాపాన పోలేదు.

మా చిన్నప్పుడు ఆయన ఉత్త బొమ్మలాయన. మిషన్ కాంపౌండులో టీచరుగారి అబ్బాయి. సైకిలు హ్యాండిలుకి రంగు డబ్బాలు తగిలించుకుని ఊళ్ళు తిరిగేవాడు. ఎరువుల కొట్లకి బోర్డులు, గోడల మీద విత్తనాల ప్రకటనలు, ఎన్నికలొస్తే గుర్తులు. వీటన్నిటికంటే ఎక్కువగా ఆయన్ని పిలిచేది పోయినవాళ్ళ బొమ్మలకి.

మా వైపు అప్పట్లో ఒక అలవాటు ఉండేది. ఫోటో లేకుండా ఎవరైనా పోతే, వాళ్ళ రక్తం పంచుకున్నవాళ్ళలో ఒకర్ని కూర్చోబెట్టి పోయినవాళ్ళ బొమ్మ వేయించుకునేవాళ్ళు. తాత పోతే మనవడు, అక్క పోతే చెల్లెలు. కూర్చున్నవాళ్ళకి పోయినవాళ్ళ బట్టలు కట్టేవాళ్ళు. ఇరుగుపొరుగు చుట్టూ నిలబడి "ముక్కు ఇంకాస్త మొద్దుగా ఉండేదయ్యా", "బుగ్గలు అంత లోతుకి పోలేదు" అని చెబుతుంటే బొమ్మలాయన దిద్దుకుంటూ పోయేవాడు. అందరూ కలిసి "ఆఁ, అచ్చు గుద్దినట్టుంది" అన్నాక కళ్ళు పెట్టడం ఒక్కటే మిగిలేది. కళ్ళు పెట్టేటప్పుడు మాత్రం ఇంటివాళ్ళు ఎవరూ ఆ గదిలో ఉండకూడదు. కొత్తగా తెరిచిన కళ్ళు ముందు ఎవరి మీద పడితే వాళ్ళని తోడు రమ్మంటాయని భయం. మరి కుర్చీలో కూర్చున్నవాళ్ళ సంగతేమిటని నేను నానమ్మని అడిగాను.

"వాళ్ళకేం కాదే. ఆ కాసేపూ వాళ్ళు కూడా పోయినోళ్ళ కిందే లెక్క" అంది నానమ్మ, చేటలో మిరపకాయల తొడిమలు తీస్తూ. అప్పుడు నేను మూడో తరగతి. ఆ మాటకి నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

నన్ను కూర్చోబెట్టాలనుకుంది కూడా నానమ్మే. పిల్ల పెద్దదవుతోంది, తల్లి మొహం ఎరగదు, ఏదో ఒక బొమ్మయినా ఉండాలని నాన్నని పోరింది. నాన్న సరేనన్నాడు. అమ్మది నీలం చీర ఒకటి మిగిలి ఉంటే నాకు నాలుగు మడతలు వేసి చుట్టారు. సవరం పెట్టి ముడి వేశారు. నాన్న కూర్చునే చేతుల కుర్చీలో కూర్చోబెట్టారు, కాళ్ళు నేలకి అందలేదు. మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజులు. ఊరు ఊరంతా దగ్గుతూ ఉండేది. తలుపులు మూసినా ఘాటు లోపలికి వచ్చేది. నేను తుమ్మినప్పుడల్లా బొమ్మలాయన కుంచె పక్కకి తీసి ఓపిగ్గా ఆగేవాడు.

"మొహం గుండ్రమా, కోలా?" అని ఆయన అడిగితే నానమ్మ గుండ్రమంది. పక్కింటావిడ కోల అంది. ఇద్దరూ చాలాసేపు వాదులాడుకున్నారు. చివరికి గుమ్మంలో నిలబడ్డ నాన్నని అడిగారు. ఆయన బొమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఏమో, నాకు గుర్తు రావడంలేదు" అని కండువా భుజాన వేసుకుని చేలోకి వెళ్ళిపోయాడు. పెళ్ళాం మొహం గుర్తులేని మొగుడా అని నాకు అప్పుడు చాలా కోపం వచ్చింది. అప్పటి ఆయన వయసు దాటిపోయిన ఇన్నాళ్ళకి ఆ కోపం పోయింది.

కళ్ళు పెట్టే రోజు మధ్యాహ్నం అందర్నీ కల్లానికి పంపేశారు. ఇంట్లో నేనూ బొమ్మలాయనా. కదలకుండా కూర్చోమన్నాడు. ఎండకీ ఉక్కకీ నాకు నిద్ర ముంచుకొచ్చింది. మళ్ళీ లేచేసరికి నేను కుర్చీ చేతి మీదకి ఒరిగిపోయి ఉన్నాను. ఆయన బొమ్మకి వీపు పెట్టి నిలబడి కుంచెలు తుడుచుకుంటున్నాడు. నన్ను పలకరించలేదు, బొమ్మ వైపు తిరగలేదు. డబ్బాలు తీసుకుని బయటికి నడిచాడు.

అరుగు మీద ఆయనకి ఆకు వేసి, నీళ్ళ చెంబు పెట్టి ఉంది. మిషన్ కాంపౌండు కుర్రాడికి నానమ్మ లోపల ఆకు వేసే రోజులు కావు అవి. ఆయన ఆ ఆకుని దాటుకుని వెళ్ళి సైకిలెక్కాడు. "ఒరేయ్ అబ్బాయ్, అన్నం తినిపోరా" అని నానమ్మ కల్లం దగ్గర్నుంచి కేకేసినా ఆగలేదు.

ఆ రాత్రి నాన్న నానమ్మ మీద లేచాడు. "అరుగు మీద వేశావని అలిగిపోయాడు. లోపల వేస్తే నీ సొమ్మేం పోయేదమ్మా?" నానమ్మకి ఆ సంగతి ముల్లులా గుచ్చుకుంది. తర్వాత రెండు మూడుసార్లు కబురు పెట్టింది, లోపలే వడ్డిస్తానని కూడా చెప్పి పంపింది. ఆయన మళ్ళీ మా వీధిలోకి రాలేదు. ఆమె పోయేదాకా అన్నం వదిలేసి పోయిన మనిషి ఉసురు అని గొణుక్కుంటూనే ఉండేది.

బొమ్మ చూసి ఊరంతా మెచ్చుకుంది. పక్కింటావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. రెండు లోపాలు మాత్రం ఉన్నాయి. కింద ఎడమ మూల జానెడు మేర రంగు లేదు, ఉత్త గుడ్డ. నాన్న "మూల ఎగ్గొట్టాడు" అని విసుక్కున్నాడు. రెండోది, ఆ కళ్ళు. గోడకి తగిలించిన బొమ్మల కళ్ళు మనం ఎటు వెళ్తే అటు తిరుగుతున్నట్టుంటాయని అందరూ చెబుతారు. మా అమ్మ బొమ్మ అలా కాదు. ఎక్కడ నిలబడినా మన వైపు చూడదు. రెప్పలు కొంచెం వాల్చి, ఆ రంగు లేని మూల వైపే చూస్తూ ఉంటుంది.

నేను నేల మీద కూర్చుని చూశాను. స్టూలెక్కి చూశాను. గోడకి చెంప ఆనించి పక్కనుంచి చూశాను. ఎక్కడా దొరకలేదు. ఒకరోజు పాలు పొంగబెట్టానని నానమ్మ కోపంలో "తల్లిని మింగేశావు కదే" అనేసింది. తర్వాత దగ్గరికి తీసుకుని నెత్తి నిమిరింది కానీ, అనాల్సింది అనేసింది. నాకు విషయం అర్థమైపోయింది. అమ్మ నా మొహం చూడటం లేదంటే అందుకే. ఆ నమ్మకం ఆ రోజు లోపల నాటుకుంది, మరి పోలేదు. చదువుకున్నాను, టీచరు ఉద్యోగం చేశాను, పిల్లల్ని కన్నాను. ఎంత పనిలో ఉన్నా ఆ బొమ్మ ముందు నుంచి వెళ్ళాల్సివస్తే తల వంచుకునే వెళ్ళేదాన్ని.

గుంటూరులో టీచరు ట్రైనింగులో ఉండగా ఆదివారం పేపర్లో ఆయన ఫోటో చూశాను. మద్రాసులో చదివాడట, ఢిల్లీలో బహుమతి వచ్చిందట. కింద ఒక బొమ్మ అచ్చు వేశారు. కుర్చీల్లో బిగుసుకుని కూర్చున్న పల్లెటూరి మనుషులు, ఒక్కరికీ మొహం లేదు. కళ్ళూ ముక్కూ ఉండాల్సిన చోట నున్నటి చర్మం. ఆధునిక మానవుడి ఒంటరితనం అని రాశాడు వ్యాసం రాసినాయన. హాస్టల్లో నా పక్క మంచం పిల్ల ఆ బొమ్మ చూసి పేపరు బోర్లా పెట్టేసింది. నేను మాత్రం బొమ్మ కింద ఎడమ మూల చూశాను. తెల్లగా ఉంది. అచ్చులో పోయిందనుకున్నాను.

కొన్నేళ్ళకి ఆయన మనుషుల్ని కూడా మానేశాడు. ఎర్ర బొమ్మలు మొదలయ్యాయి. గోడంత కాన్వాసుల నిండా మిరప కల్లాల ఎరుపు, ఆ ఎరుపులోనే ఇంకో ఎరుపు. వాటిలో విప్లవం ఉందన్నారు కొందరు, రక్తం ఉందన్నారు ఇంకొందరు. ఉన్నదేమో మా ఊరి కల్లం. పిల్లల్ని ఎక్స్‌కర్షన్‌కి తీసుకెళ్ళినప్పుడు మ్యూజియంలో ఒకటి ఎదురుగా చూశాను. దాని ముందు నిలబడగానే నాకు తుమ్ము వచ్చింది. పిల్లలు పకపకా నవ్వారు. అంత ఎరుపులోనూ ఎడమ మూల జానెడు గుడ్డ అలాగే ఉంది. అచ్చులో పోయింది కాదని అప్పుడు తెలిసింది.

తర్వాత పరాయి దేశంలో కొన్నాళ్ళున్నాడు. రంగు మానేసి నల్లటి గీతలకి దిగాడు. పత్తి ఏరేశాక చేలో మిగిలే ఎండు కట్టెలవి. ఈ నేల మీద పుట్టిన ఎవరికైనా చూడగానే తెలుస్తుంది, విమర్శకులకి మాత్రం అక్షరాలుగా కనిపించాయి. ఆ పైన గీతలు కూడా పోయి, తెలుపు మీద తెలుపు వేయడం మొదలుపెట్టాడు. ఏమీ లేని బొమ్మకి అంత పేరేమిటని మా ఆయన వెటకారం చేసేవాడు. నేను ఫోనులో ఆ తెల్ల బొమ్మని పెద్దది చేసి మూల వెతికేదాన్ని. తెలుపు ఆ మూలకి రాకముందే ఆగిపోయి, గుడ్డ పోగులు కనిపించేవి. ఆయన వేషాలన్నీ మార్చాడు కానీ ఆ మూల ఒక్కటీ ముట్టుకోలేదు. ఎందుకో అడగాలని ఉండేది, అడగడానికి భయంగానూ ఉండేది.

ఈలోగా మా ఇంట్లో బొమ్మ సంగతి వేరే దారి పట్టింది. బదిలీ అయిన ప్రతి ఊరికీ దాన్ని దుప్పట్లో చుట్టి తీసుకెళ్ళేదాన్ని. కనిగిరిలో ఇంటి ఓనరు గారు మొదటిరోజు గదిలోకి వచ్చి, అమ్మ చూపు పడేచోటు చూసి, మళ్ళీ అమ్మ వైపు చూశారు.

"ఏమనుకోకండి మేడం, అక్కడ ఎవరైనా ఉన్నారాండి?" అన్నారు మెల్లగా. ఆ తర్వాత అద్దెకి వచ్చినా గుమ్మం బయటే నిలబడేవారు.

సింగరాయకొండ స్కూల్లో పనిచేసేనాటికి నాకు ముప్పై దాటాయి. కొత్తగా చేరిన లెక్కల టీచరమ్మ ఇంటికొచ్చింది. మంచినీళ్ళు తెచ్చేలోపు గోడ వైపు చూసి లేచి నిలబడిపోయింది.

"అదేంటండీ, మీరు బతికుండగానే దండ వేశారు?" అంది.

ఆమె వెళ్ళాక అద్దం తెచ్చి బొమ్మ పక్కన నిలబడి చూసుకున్నాను. చెంపలు, పెదాలు, గడ్డం కింద చిన్న నొక్కు, అన్నీ నావే. పోలికలు రావడం మామూలే, తల్లీ కూతుళ్ళం కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ పోలిక అంటే ఎక్కడో ఒకచోట తేడా ఉండాలి. కళ్ళ దగ్గర తప్ప ఎక్కడా తేడా లేదు. నా కళ్ళు మా నాన్నవి, కొంచెం చిన్నవి. అమ్మవి పెద్దవి. ఆ ఏడు తద్దినం నాడు దండ మార్చడానికి చెయ్యెత్తితే నా మెడలోనే వేసుకుంటున్నట్టనిపించింది. పూజ మా ఆయన చేత కానిచ్చాను. కొన్నేళ్ళకి నేను ఆ బొమ్మ వయసు దాటి ముందుకెళ్ళిపోయాను. అప్పుడు కొంచెం ఊపిరాడింది.

రిటైరయ్యాక ఒంగోల్లో చిన్న ఫ్లాటు తీసుకుని ఉంటున్నాం. ఈమధ్య ఒక అమ్మాయి ఫోను చేసింది. ఆయన మొదటి బొమ్మల నుంచి చివరి బొమ్మల దాకా కలిపి నగరంలో పెద్ద ఎగ్జిబిషన్ పెడుతున్నారట. "ఆంటీ, సార్ ఎర్లీ వర్క్ అసలేం దొరకట్లేదు. మీ ఇంట్లో ఒకటి ఉందని సారే చెప్పారు. సార్ కూడా వస్తానంటున్నారు" అంది. ఆయన నన్ను మర్చిపోలేదన్న సంగతి నన్ను ఆ రోజంతా కుదురుగా ఉండనివ్వలేదు.

వచ్చారు. ఎనభైకి దగ్గరగా ఉన్న మనిషి, చేతికర్ర, తెల్ల చొక్కా. ఆ అమ్మాయి గబగబా లోపలికి వెళ్ళి ఫోను ఎత్తి వీడియో మొదలుపెట్టింది. ఆయన గుమ్మంలోనే ఆగి ముందు నన్ను చూశాడు, తర్వాత గోడని. గడప దాటడానికి చాలాసేపు పట్టింది. కూర్చున్నాక ఎప్పుడో పోయిన నానమ్మ తరఫున చెప్పాల్సింది ముందు చెప్పేశాను.

"ఆ రోజు మా నానమ్మ మీకు అరుగు మీద ఆకు వేసిందండీ. తప్పే. మీరు తినకుండా వెళ్ళారని పోయేదాకా బాధపడింది."

ఆయన అర్థంకానట్టు చూశాడు. "ఆకు వేశారా? నేను చూడనేలేదమ్మా" అన్నాడు. "అలిగి వెళ్ళలేదు. భయపడి వెళ్ళాను."

మా ఆయన టీ తెస్తానని వంటింట్లోకి వెళ్ళాడు. ఆ అమ్మాయిని ఆయన "నువ్వు కాసేపు బాల్కనీలో కూర్చోమ్మా" అని పంపేశాడు. తర్వాత గోడ వైపు చూడకుండానే చెప్పాడు.

"ఆ మొహం మీ అమ్మది కాదు. ఒకళ్ళు గుండ్రమన్నారు, ఒకళ్ళు కోలన్నారు, మీ నాన్నగారు లేచి వెళ్ళిపోయారు. ఏం చెయ్యను? నీ మొహాన్నే పెద్దది చేశాను. ఎదిగితే నువ్వు ఎలా ఉంటావో అలా వేశాను. అందరూ అచ్చు గుద్దినట్టుందన్నారు."

ఇన్నేళ్ళూ నాకే దండ వేసుకున్నానా, నాకే తద్దినం పెట్టుకున్నానా! "నాకున్నదే ఆ ఒక్క మొహమండీ. అది కూడా లేదని చెప్పడానికి ఇంతదూరం వచ్చారా?" అని అరిచాను. పెద్దమనిషని కూడా చూడలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"కళ్ళు నీవి కావమ్మా" అన్నాడాయన.

నేను గోడ వైపు తిరిగాను.

"కళ్ళు పెడదామని కుంచె ఎత్తి నీ వైపు చూశాను. నువ్వు నిద్రపోతున్నావు. నీ కుర్చీ వెనకాల ఆడమనిషి నిలబడి ఉంది. మీ ఇంట్లోవాళ్ళే ఎవరో వచ్చారనుకున్నాను. ఎవరూ ఉండకూడదు, వెళ్ళమ్మా అందామనుకున్నాను, అనలేకపోయాను. ఆ కళ్ళే వేశాను. మళ్ళీ తలెత్తి చూడలేదు. కింద మూల ఇంకా మిగిలే ఉంది, వేయలేక వచ్చేశాను." కర్ర మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. "మళ్ళీ అలాంటి కళ్ళు వేయాల్సి వస్తుందని మొహాలు మానేశాను. మొహాలు లేకపోయినా కూర్చున్న మనిషి వెనక ఎవరో ఉన్నట్టే ఉండేది, మనుషుల్నే మానేశాను. రంగు వేస్తే ఆ మధ్యాహ్నం ఘాటు వచ్చేది. రంగూ మానేశాను. నా గురించి ఏవేవో రాశారు, చదివి నవ్వుకున్నాను."

"మరి ఆ మూల?"

"అక్కడ నువ్వున్నావు కదమ్మా, నిద్రపోతూ. ఎన్నిసార్లు వేద్దామనుకున్నా కుంచె అక్కడికి వెళ్ళేసరికి చెయ్యి ఆగిపోయేది. లేపుతానేమోనని."

నేను అడగాల్సింది ఇంకొకటి మిగిలింది. చిన్నపిల్లలా అడిగేశాను. "ఆవిడ కోపంగా ఉందాండీ?"

కూర్చున్నాక ఆయన మొదటిసారి బొమ్మ వైపు తిరిగాడు. చాలాసేపు చూశాడు.

"కోపమా? నువ్వు కుర్చీలోంచి ఒరిగిపోతున్నావు. పడిపోతావేమోనని చూస్తోందమ్మా. నేనున్నానని కూడా ఆవిడకి తెలియదు. నిన్నే చూస్తోంది."

ఏడ్చాను. పరాయి మనిషి ముందు నేను అంతకుముందెప్పుడూ అలా ఏడవలేదు. మా ఆయన టీ కప్పులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. బాల్కనీలోంచి వచ్చిన అమ్మాయి కాస్త ఆగి, బొమ్మ ఎప్పుడు పంపిస్తారని అడిగింది. నేను పంపనన్నాను. ఆమె మొహం చిన్నబుచ్చుకుంది. "ఉండనివ్వమ్మా" అన్నాడాయన, టీ తాగి వెళ్ళిపోయాడు.

ముసలితనంలో ఆయన నన్ను ఓదార్చడానికి ఈ కథ అల్లి ఉండొచ్చు. బొమ్మలు వేసేవాళ్ళకి అబద్ధాలు బాగానే వచ్చు, నా మొహాన్ని మా అమ్మ మొహమని ఊరందరి చేతా అనిపించిన మనిషే కదా. అదీ ఆలోచించాను. ఆలోచించాక గోడకి ఎదురుగా నిలబడి, ఆ చూపు బొమ్మ దాటి గదిలో ఎక్కడ పడుతుందో చూసుకున్నాను. బీరువా ఉన్నచోట పడుతోంది. మర్నాడు వాచ్‌మన్‌ని పిలిచి బీరువా అటు జరిపించి, అక్కడ నా మంచం వేయించుకున్నాను.

"అక్కడ ఫ్యాను గాలి రాదే" అన్నాడు మా ఆయన.

రాకపోతే మానె అన్నాను. ఆ మధ్యాహ్నం గోడ వైపు తిరిగి అక్కడే పడుకున్నాను, బాగా నిద్రపట్టింది.